నలభై ఒకటో పాయింటు

కిష్టయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఎందుకంటే ఆ మనిషి గురించి ఇప్పటిదాకా కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క సంగతి, అది అబద్ధం, దాన్ని రాసింది నేను.

నా పేరు అంజుమ్. మాది వనపర్తి. నాన్నకు బస్టాండు దగ్గర కుట్టుమిషన్లు బాగుచేసే దుకాణం ఉంది. నేను జియాలజీలో ఎమ్మెస్సీ చేసి హైదరాబాదులో ఒక సర్వే కంపెనీలో చేరాను. జలాశయాల అడుగున ఏముందో, ఎంత ఒండ్రు పేరుకుందో పటం గీసి ఇవ్వడం మా పని. పోయిన మార్చిలో మా బోటును, మా పెట్టెలను లారీలో వేసుకుని నాగర్‌కర్నూలు జిల్లాలో, కృష్ణ వెనుకనీళ్ల గట్టున ఉన్న చింతలరేవులో దిగాం. నీళ్ల కింద ఎక్కడ తుమ్మమోళ్లు ఉన్నాయో, ఎక్కడ మునిగిపోయిన గోడలు ఉన్నాయో తెలిసినవాడు పక్కన లేకపోతే మీ మిషను రెండు రోజులు కూడా బతకదని చేపల సొసైటీ అధ్యక్షుడు వెంకటన్న అన్నాడు. అని, కిష్టయ్యను మా బోటెక్కించాడు.

అరవై ఆరేళ్ల మనిషి. బక్కపలచగా, మెడ మీద తువ్వాలుతో, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఎప్పుడూ నీళ్లలోకే చూస్తూ ఉండేవాడు. ఆయన పుట్టిన పాత చింతలరేవు ఇప్పుడు నీళ్ల కింద ఉంది. పన్నెండేళ్లకే తండ్రి పుట్టిని, ఆ గుండ్రటి తెప్పను, తోలడం మొదలుపెట్టాడు. మనుషుల్ని, మేకల్ని, జొన్న బస్తాల్ని, ఒకసారి పెళ్లికూతురితో సహా మొత్తం పెళ్లిని అవతలి ఒడ్డుకు దాటించాడట. దిగువన ఆనకట్ట కట్టాక వెనుకనీళ్లు వచ్చి ఊరు మునిగేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. తోటివాళ్లు చాలామంది కూలిపనులకని హైదరాబాదు దారి పట్టారు. ఈయన మాత్రం జోగులమ్మను పెళ్లి చేసుకుని, గుట్ట మీద వేసిన కొత్త ఊళ్లోనే ఉండిపోయి, ఆ నీళ్లను మళ్లీ మొదటినుంచి నేర్చుకున్నాడు. వాళ్లకు పిల్లలు లేరు. చనిపోయిన చెల్లెలి కొడుకు గోవిందును మూడేళ్ల వయసునుంచి పెంచారు. ఈత నేర్పింది, వల విసరడం నేర్పింది, ట్రాక్టరు నేర్చుకోమని పంపింది అన్నీ కిష్టయ్యే.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం నీళ్లు వెనక్కి పోయి కొత్త నేల బయటపడినప్పుడు దాని మీద మొదట కిష్టయ్య నడవాలి. పైన ఎండకు పర్రెలు విచ్చి గట్టిగా కనిపించే నేల కింద మెడలోతు బురద ఉండవచ్చు. ఆయన గెడ పొడుచుకుంటూ నడిచి, ఇది తొక్కొచ్చు, ఇది తొక్కొద్దు అని చెప్పేవాడు. ఆయన తొక్కొచ్చన్నచోటే గొర్రెల్ని దింపేవారు, మోటార్లు పెట్టేవారు, దోస విత్తనాలు వేసేవారు. నలభై ఏళ్లలో ఒక్క మేకపిల్ల కూడా దిగబడలేదని ఊళ్లోవాళ్లు గొప్పగా చెప్పుకునేవారు.

మా మిషను చేసే పని కూడా దాదాపు అలాంటిదే. బోటు అడుగునుంచి నీళ్లలోకి చప్పుడు పంపిస్తాం, మన చెవికి వినపడని చప్పుడు. అది అడుగుకు తగిలి తిరిగి వస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూస్తే లోతు తెలుస్తుంది. ఎంత బలంగా వచ్చిందో చూస్తే అడుగు ఎలాంటిదో తెలుస్తుంది. బండైతే గట్టిగా కొడుతుంది, తెర మీద తెల్లగా మెరుస్తుంది. మెత్తటి బురదైతే చప్పుడును మింగేస్తుంది, తెర నల్లబడుతుంది. ఇసుకా గులకరాళ్లూ మధ్యలో ఉంటాయి. ఇదంతా నేను కిష్టయ్యకు క్లాసు చెబుతున్నట్టు చెప్పాను. ఆయన విని, సంతలో కుండను కొట్టి చూసి కొన్నట్టే గదా అన్నాడు. అంతకంటే బాగా మా ప్రొఫెసరు కూడా చెప్పలేదు. నాకు కొంచెం ఒళ్లు మండింది.

తెరను నమ్మి ఊరుకోకూడదు. అక్కడక్కడా బోటు ఆపి, ఇనుప దవడలున్న డబ్బాను తాడుతో దించి, అడుగు మట్టిని పట్టి పైకి తీసి సరిచూసుకోవాలి. దాన్ని మేం గ్రాబ్ అంటాం. కిష్టయ్యకు తన సొంత గ్రాబ్ ఉంది. కొబ్బరికాయంత రాయి, దానికి తాడు, రాయి అడుగున దట్టంగా పూసిన ట్రాక్టరు గ్రీజు. రాయి అడుగుకు తగిలినప్పుడు తాడు మీద చేతికి ఏం తెలుస్తుందో చూసేవాడు. పైకి లాగి గ్రీజుకు ఏం అంటుకుందో చూసేవాడు. మొదటి మూడు రోజులు మా గ్రాబుకూ ఆయన రాయికీ పందెం నడిచింది. ఒకచోట గవ్వలు కలిసిన ఇసుక అన్నాడు. గ్రాబ్ తెరిస్తే గుప్పెడు నత్తగుల్లలు రాలాయి. నలభై చోట్ల ఒక్కచోట కూడా ఆయన తప్పు చెప్పలేదు. అప్పటికి ఆయన్ని తాతా అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన నన్ను మొదటిరోజునుంచే బిడ్డా అన్నాడు.

నలభై ఒకటో పాయింటు ఆఖరిరోజు సాయంత్రం వచ్చింది. రంజాన్ మొదలై అయిదో రోజు. తెల్లవారకముందు తిన్న రెండు రొట్టెలే, తర్వాత గుక్కెడు నీళ్లు కూడా లేవు, పైగా పొద్దంతా నీళ్ల మీద ఎండ. మా టీము లీడరు జగదీశ్ సారు గట్టు మీదనుంచి పది నిమిషాలకోసారి ఫోను చేస్తున్నారు. మర్నాడు పొద్దున బోటును ఇంకో జలాశయానికి తరలించాలి, చీకటి పడకముందే అయిపోవాలి అని. ఇఫ్తారుకు వనపర్తి చేరతానని అమ్మీకి మాటిచ్చాను. అప్పటికే ఆలస్యమైందని నాకూ తెలుసు, అయినా లోపల ఒకటే తొందర.

తెర తెల్లగా మెరుస్తోంది, బండ అన్నట్టే. గ్రాబ్ దించాం, ఖాళీగా వచ్చింది. మళ్లీ దించాం, ఖాళీ. మూడోసారి దవడల మధ్య వేలంత తుమ్మపుల్ల ఇరుక్కుని వచ్చింది. దవడలు పూర్తిగా మూసుకోకపోతే పట్టిన మట్టి దారిలోనే కారిపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. పుల్లను లాగి నీళ్లలో పడేశాను. మూడుసార్లు ఖాళీగా వస్తే గట్టి అడుగని రాయవచ్చని మా నియమం. నియమమూ తెరా ఒకే మాట చెబుతున్నాయి కదా అనుకున్నాను. 'గట్టి అడుగు, బండ' అని రాసి పెన్నుకు మూత పెట్టాను.

ఆ తర్వాత కిష్టయ్య తన రాయి దించాడు. తాడు వదులుతూ చాలాసేపు ఉండిపోయాడు. పైకి లాగి నాకు చూపించాడు. రాయంతా నల్లటి బురద, కుళ్లు వాసన.

"గిది బండ కాదు బిడ్డా" అన్నాడు. "రాయి తాకితే చేతికి తెల్వాలె. తాకనే లేదు, దిగుతనే ఉన్నది. జర ఇంకొకపారి నీ డబ్బా దించు."

ఇంకోసారి దించితే పది నిమిషాలు పట్టేది. బండ మీద పలచగా బురద పేరుకుని ఉంటుంది తాతా అని నేను పెద్ద తెలివిగా చెప్పాను. కాగితాన్ని ఆయన ముందుకు జరిపాను. కొలత తీసినచోట స్థానికుడు ఒకరు ఉన్నారని తెలియడానికి ప్రతి కాగితం మీదా ఆయన వేలిముద్ర తీసుకునేవాళ్లం. ఆయన సిరా డబ్బా మీద వేలు పెట్టి ఆగాడు.

"నేను చెప్పింది గూడ రాసినవా?" అని అడిగాడు.

"రాసిన తాతా" అన్నాను.

రోజా అంటే కడుపు మాడ్చుకోవడం కాదు, నాలుకను కూడా కట్టుకోవాలని చిన్నప్పుడు మా నానమ్మ వందసార్లు చెప్పి ఉంటుంది. కింద రిమార్కుల గడి ఖాళీగానే ఉంది. 'గైడు బురద అంటున్నాడు' అని మూడు మాటలు రాస్తే సరిపోయేది. రాస్తే జగదీశ్ సారు మళ్లీ వెనక్కి పంపుతారేమోనని రాయలేదు. కిష్టయ్య నావైపు ఒక్క క్షణం చూసి వేలిముద్ర వేశాడు. గట్టుకు చేరేసరికి పొద్దు గుంకింది. జోగులమ్మ ఖర్జూరాలు, ఉడికించిన శనగలు, చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. పొద్దున్నే మనిషిని కొల్లాపూరుకు పంపి ఖర్జూరాలు తెప్పించారట. అబద్ధమాడి అరగంట కూడా కాలేదు. ఆ ఖర్జూరాలతోనే రోజా విడిచాను.

తర్వాత నేను మర్చిపోయాను. నిజం చెప్పాలంటే హాయిగా మర్చిపోయాను. హైదరాబాదులో కూర్చుని పటం పూర్తి చేశాను. బురదకు గోధుమరంగు, ఇసుకకు ఆకుపచ్చ, బండకు పసుపు. నలభై ఒకటో పాయింటు చుట్టూ చక్కటి పసుపు మచ్చ వచ్చింది. సొసైటీకి కూడా ఒక కాపీ కావాలని వెంకటన్న అడిగితే, జగదీశ్ సారు పటంతో పాటు మా కాగితాలూ పంపించారు.

జూన్‌లో వెంకటన్న ఫోను చేశాడు. ఎండాకాలంలో నీళ్లు ఊరికి రెండు కిలోమీటర్లు వెనక్కి పోతాయి. ఐసు పెట్టెలతో ట్రాక్టరు నీళ్ల దాకా పోవడానికి గట్టి చోటు కోసం వాళ్లు పటం తెరిచారు. పసుపు మచ్చ సరిగ్గా వాళ్లకు కావలసినచోట ఉంది. ఆ వారం కిష్టయ్య ఊళ్లో లేడు. జోగులమ్మ కంటి ఆపరేషనుకని నాగర్‌కర్నూలు దవాఖానలో ఉన్నారు. ట్రాక్టరు తోలింది గోవిందు. నేల పైపొర పగిలి ముందు చక్రాలు దిగబడ్డాయి, బండి పక్కకు ఒరిగింది, అతని కుడికాలు ఇంజనుకూ బురదకూ మధ్య ఇరుక్కుంది. కంపలూ పలకలూ పరిచి బయటికి తీసేసరికి నాలుగు గంటలు పట్టింది. కర్నూలులో మోకాలి కిందినుంచి కాలు తీసేశారు.

ఇదంతా చెప్పి వెంకటన్న ఒకటే అడిగాడు. ఆ చోట ఏముందో ఆ రోజు కిష్టయ్య మీకు ఏం చెప్పిండు మేడం అని. ఎదురుగా జగదీశ్ సారు కూర్చుని ఉన్నారు. ఫోనులో ఎవరో ఆయనకు అర్థమైంది, జాగ్రత్త అన్నట్టు చెయ్యి చూపించారు. కాగితంలో ఉన్నదే వెంకటన్నా, వేరే ఏం గుర్తులేదు అన్నాను. మొదటిసారి ఆకలి మీద అబద్ధమాడానని సర్ది చెప్పుకోవచ్చు. ఈసారి కడుపునిండా భోంచేసి ఉన్నాను.

ఆ రాత్రినుంచి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది. నిద్ర పట్టింది. పొద్దున లేచినప్పుడే కష్టంగా ఉండేది. పాత కొలతలు మళ్లీ తీసి చూశాను. నీళ్ల అడుగున చెట్టూ చేమా కుళ్లి గాలి పుడుతుంది. ఆ గాలి బురదలో సన్నటి బుడగలుగా చిక్కుకుంటే, మేం పంపిన చప్పుడు ఆ బుడగలకు తగిలి బండకు తగిలినంత గట్టిగా తిరిగి వస్తుంది. ఇది కొత్త సంగతి కాదు, ఎమ్మెస్సీలో రెండు మార్కుల ప్రశ్న. ఆ పరీక్షలో నేను రెండు మార్కులూ తెచ్చుకున్నాను. కుళ్లు వాసన వచ్చిన రాయిని నా ముక్కు కిందే పెట్టిన మనిషి మాట మాత్రం నాకు ఎక్కలేదు.

నాలుగు నెలలు ఇవాళ పోదాం రేపు పోదాం అనుకుంటూ గడిపి, చివరికి దసరా వెళ్లాక చింతలరేవు బస్సెక్కాను. ఆ రోజు సొసైటీ చేపపిల్లల్ని నీళ్లలో వదులుతోంది, మనుషులంతా గట్టు మీదే ఉంటారని తెలుసుకుని మరీ వెళ్లాను. కిష్టయ్య పేరు నలుగురిలో చెడగొట్టాను కాబట్టి నలుగురిలోనే బాగుచేయాలని నా ఉద్దేశం. బస్సులో కూర్చుని చెప్పబోయే మాటలన్నీ వల్లె వేసుకున్నాను. ఆయన మీదనుంచి ఒక బరువు దించబోతున్నానని లోలోపల కొంచెం గర్వంగా కూడా ఉంది.

ముందు ఇంటికి పోయాను. జోగులమ్మ ఒక్కతే ఉంది. ఆమెకు కోపం లేదు. ఉంటే బాగుండేది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. గోవిందు ఆస్పత్రినుంచి నేరుగా అత్తగారి ఊరు తిమ్మాజిపేటకు పోయాడట, ఈ ఊరికి సొసైటీ పని మీద వస్తాడుగానీ ఈ గడప తొక్కడట. కిష్టయ్యను ఇప్పుడు ఎవరూ ఏమీ అడగడం లేదట. నేల మీద మొదట నడవడానికి ఇంకెవరినో చూసుకుంటున్నారట. సొసైటీలో కాగితం చదివి నువ్వే బండని చెప్పినవా అని అడిగినప్పుడు ఈయన ఒక్క మాట కూడా అనలేదని ఆమె చెప్పింది.

"లేదని ఒక్క మాట అంటే అయిపోతుండె గదా బిడ్డా" అంది. "ఏంటికి అనలేదో నాకు గూడ చెప్పలే."

నేను ఆశ్చర్యపోయాను. ఆయన మొత్తుకుని ఉంటాడని, కాగితం ముందు ఆయన మాట చెల్లకపోయి ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను. నిరక్షరాస్యుడు కదా, భయపడి ఊరుకున్నాడేమో అనుకుంటూ గట్టు మీదికి నడిచాను.

నలభై మంది దాకా ఉన్నారు. ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు, పక్కన రేకుల షెడ్డు. గోవిందు షెడ్డులో కుర్చీ మీద కూర్చుని, చంకకర్ర గోడకు ఆనించి, లెక్కకు వచ్చిన సంచుల మీద గుర్తులు పెడుతున్నాడు. కిష్టయ్య అందరికీ దూరంగా నీళ్ల అంచున నిలబడి ఉన్నాడు. నేను వెంకటన్నను పక్కకు పిలిచి విషయం చెప్పాను. అతను కిష్టయ్యతో సహా అందర్నీ షెడ్డులోకి పిలిచాడు.

చెప్పాను. గ్రాబ్ ఖాళీగా రావడం, పుల్ల, రాయికి అంటిన బురద, ఇంకోసారి దించమని ఆయన అడగడం, నేను దించకపోవడం. ఆయన మాట రాశానని అబద్ధం చెప్పి వేలిముద్ర వేయించుకున్నానని కూడా చెప్పాను. జూన్‌లో ఫోనులో ఆడిన అబద్ధమూ చెప్పాను. తప్పంతా నాదే, తాత నిజమే చెప్పిండు, చదువు రాని మనిషిని నేను మోసం చేసిన అన్నాను. ఎవరో నన్ను తిట్టారు.

గోవిందు చేతిలో ఉన్న సుద్దముక్క కింద పెట్టాడు. నావైపు చూడలేదు.

"నేను పటం జూసి పోలే మేడం" అన్నాడు. "రంగులు నాకేం తెల్సు. మా మామ వేలు ఉన్నదని పోయిన."

అని, నాలుగు నెలల్లో మొదటిసారిగా కిష్టయ్యవైపు తల తిప్పాడు. ఆ మొహం నేను చూశాను. బిగుసుకున్నదేదో వదులవుతున్నట్టు ఉంది. మామా అని పిలవబోతున్నాడనే అనుకున్నాను. జోగులమ్మ కూడా నా వెనకే వచ్చి నిలబడింది. ఇక కిష్టయ్య ఊరుకుంటే చాలు. ఆ ఒక్క నిమిషం ఊరుకుంటే మేనల్లుడు ఇంటికి వచ్చేసేవాడు.

కిష్టయ్య తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"ఈ పిల్ల నన్ను మోసం జెయ్యలే" అన్నాడు. "నేను రాయి తీసేటప్పటికే పెన్ను మూత పెట్టింది. మల్ల తియ్యలే. నేను చెప్పింది యాడ రాస్తది? సదువు లేకుంటే ఏంది, కండ్లు లేవా నాకు."

ఆయన గోవిందుకు మాత్రమే చెబుతున్నట్టు చెప్పాడు.

"ఎర్కుండి, తెల్సే వేలు ఏసిన బిడ్డా. పొద్దుగాలనుంచి నీళ్లు గూడ ముట్టలే గా పిల్ల. మొకం పీక్కపోయింది, ఇంటికి పోవాలె అంటుండె. ఒక్క కాగితమే గదా, ఎండకాలం వచ్చినంక నేనే ముందు నడుస్త గదా అనుకున్న. గంతే."

నా ఎండిపోయిన మొహం చూసి జాలిపడి ఆయన వేసిన వేలిముద్ర అది. నేను మోసం చేశాననుకుంటున్నది మోసమే కాదు. ఆయన ఊరుకున్నదీ భయపడి కాదు. తెలిసీ వేశానని ఒప్పుకోలేక, తెలియదని అబద్ధమాడలేక నాలుగు నెలలూ నోరు మూసుకుని ఉన్నాడు. నేను వచ్చి ఆ నోరు తెరిపించాను. మామ పొరపడ్డాడని గోవిందు ఇన్నాళ్లూ అనుకున్నాడు. పొరపాటును ఏదో ఒకరోజు మర్చిపోయేవాడే. మామకు తెలుసునన్న సంగతి ఇప్పుడు తెలిసింది.

గోవిందు చంకకర్ర అందుకుని లేచాడు. ఎవరో పట్టుకోబోతే వద్దన్నాడు. షెడ్డు దాటి, గట్టు ఎక్కి, రోడ్డువైపు పోయాడు. జోగులమ్మ రెండడుగులు వెంట నడిచి ఆగిపోయింది. వెంకటన్న చేపపిల్లల సంచులవైపు చూసి, ఎండెక్కితే చచ్చిపోతాయి, కానీయండి అన్నాడు. మనుషులు మెల్లగా పనిలోకి వెళ్లారు.

కిష్టయ్య నా దగ్గరికి వచ్చాడు. రెండు గంటల బస్సు పోతే మళ్లీ సాయంత్రం దాకా బస్సు లేదని, ఇంట్లో అన్నం తిని పొమ్మని చెప్పాడు. పొద్దుటినుంచి ఏమీ తినకపోయినా, నాకు ఆకలి లేదన్నాను.